తోబీతు కథలో ‘నేను’ నడుమనే ఎందుకు ఆగిపోయింది?

ప్రాచీన యూదుల కథ అయిన తోబీతు గ్రంథం ‘నేను’ అంటూ మొదలై, మూడో అధ్యాయం నడుమ నుంచి ‘అతడు’ అంటూ సాగడం రాసినవారి పొరపాటా అని మీరు అడిగారు. కాదనే నా అభిప్రాయం. మాది కథోలిక కుటుంబం కనుక ఈ గ్రంథం మా ఇంటి బైబిలులో ఉంది (ప్రొటెస్టంట్ల 66 పుస్తకాల బైబిలులో ఉండదు). చూపు తగ్గిన మా నాన్నగారికి రాత్రిపూట దీన్ని చదివి వినిపిస్తున్నప్పుడు ఈ మార్పు నా చెవికి తగిలింది.

అస్సీరియా నగరమైన నీనెవెకు చెరగా పోయిన తోబీతు తన పుణ్యకార్యాలను తానే చెప్పుకుంటాడు: ఆకలిగొన్నవారికి అన్నం పెట్టాను, దిక్కులేని శవాలను పాతిపెట్టాను, నావాళ్లందరూ మానుకున్నా పండుగలకు నేనొక్కడినే యెరూషలేముకు వెళ్లాను. పిచ్చుకల రెట్ట కళ్లలో పడి ఆయన చూపు పోయేసరికి మనం పూర్తిగా ఆయన పక్షం చేరిపోతాం. అంతలో, నేతపనితో ఇల్లు నడుపుతున్న ‘అన్నా’ అనే ఆయన భార్య, కూలితోపాటు యజమానులు ఇచ్చిన మేకపిల్లను తెస్తుంది. అది అరవగానే ఆయన దొంగసొత్తేమోనని అనుమానించి, తిరిగి ఇచ్చెయ్యమంటాడు. ఊరికే ఇచ్చారని ఆమె చెప్పినా నమ్మడు. నీ దానధర్మాలన్నీ ఏమయ్యాయని ఆమె నిలదీస్తుంది. వంటింట్లోంచి మా అమ్మ ‘బాగా అడిగింది’ అంది; నాన్నగారు మాట్లాడలేదు. తనకు తగిలిన దెబ్బను తోబీతు తన నోటితోనే చెప్పడం వల్ల ఆయన మీద మన నమ్మకం పెరుగుతుంది, ఆయన పుణ్యం మీద అనుమానమూ మొదలవుతుంది. ప్రాచీన క్రైస్తవ పండితుడు జెరోము చేసిన లాటిను బైబిలు అనువాదంలో మొదటి నుంచీ ‘అతడు’ అనే ఉంటుంది కనుక అక్కడ ఈ పదును తగ్గిపోయిందని నాకు అనిపిస్తుంది.

చావు కోరుతూ ఆయన చేసిన ప్రార్థనతో ‘నేను’ ఆగిపోతుంది. అదే రోజు, దూరాన మాదీయుల దేశంలోని ఎక్బటానా నగరంలో, ఏడుగురు భర్తలను వరుసగా పోగొట్టుకున్న సారా కూడా ప్రాణం మీద విరక్తితో మొరపెట్టిందనీ, ఇద్దరి మొరా ఒకే వేళ దేవుని సన్నిధికి చేరిందనీ, వారిని బాగుచేయడానికి రఫాయేలు దూతను పంపారనీ తోబీతుకు తెలిసే వీలు లేదు. ఆయనకు తెలియనిది మనకు తెలియాలంటే కథకుడు మారక తప్పదు.

ఐదో అధ్యాయంలో, మనిషి రూపంలో వచ్చిన ఆ దూతతో మాట్లాడుతూ, హనన్యా, నాతాను అనే ఇద్దరు తనతో కలిసి యెరూషలేముకు వచ్చేవారని తోబీతే చెబుతాడు. అది విన్న నాన్నగారు, ‘నేనొక్కడినే అన్నాడు కదరా, ఆ మొదటి పేజీ తీసి మళ్లీ చదువు’ అన్నారు.