ఆర్మీ సిగ్నల్స్ నుంచి వచ్చాక బెంగళూరులో నెట్‌వర్క్ జాబ్: సమాధానం

అన్నా, ఆర్మీ సిగ్నల్స్‌లో (కమ్యూనికేషన్ చూసే విభాగం) 17 ఏళ్ళు చేసి హవల్దార్‌గా రిటైరయ్యాను, బెంగళూరులో ఎన్ని నెట్‌వర్క్ జాబ్స్‌కి అప్లై చేసినా ఒక్క కాల్ రావట్లేదు అన్నారు కదా, మీరు పెట్టిన రెజ్యూమే మొత్తం చదివాను, లోపం మీ పనిలో లేదు, రాసిన తీరులో ఉంది. "ఆపరేటర్, కమ్యూనికేషన్ డ్యూటీ" అంటే వైట్‌ఫీల్డ్‌లో కూర్చున్న హెచ్ఆర్‌కి ఏం అర్థమవుతుంది చెప్పండి? ఓటీడీఆర్ (ఫైబర్ కేబుల్‌ని టెస్ట్ చేసే మెషిన్) పెట్టి ఫైబర్ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో పట్టుకోవడం, స్ప్లైసింగ్ చేసి (తెగిన ఫైబర్ అతికించి) సిగ్నల్ లాస్ చూసుకోవడం, రాత్రి డ్యూటీలో రౌటర్లు స్విచ్‌లు కనిపెట్టుకుని ఉండటం, ఇవన్నీ విడివిడిగా రాయండి, ఎన్ఓసీ (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే సెంటర్) జాబ్స్‌లో పనికొచ్చేవి ఇవే. యూనిట్ లొకేషన్లు, ఫ్రీక్వెన్సీలు, రేడియో సెట్ల పేర్లు మాత్రం ఇంటర్వ్యూలో ఎంత గుచ్చి అడిగినా చెప్పొద్దు, అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్ రిటైరైన వాళ్ళకీ వర్తిస్తుంది.

ఇంకోటి, 15 ఏళ్ళ సర్వీస్‌కి ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గవర్నమెంట్ గ్రూప్ సి పోస్టుల కోసం, ప్రైవేట్‌లో దాన్ని డిగ్రీ అని వేశారంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు. ఆ బదులు సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) 200-301 పరీక్ష రాసెయ్యండి, అందులో వచ్చే సబ్‌నెట్టింగ్, వీల్యాన్ (నెట్‌వర్క్‌ని చిన్న భాగాలుగా విడగొట్టే పద్ధతులు) మీ చేతిలో పనే. జాలహళ్ళి బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) జాబ్ నోటిఫికేషన్లు కూడా చూస్తుండండి. రెజ్యూమే మార్చి మళ్ళీ పెట్టండి, లైన్ లైన్ చూసి చెప్తాను.