లాక్రూ గుట్టల గురించి రాసిన యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

ఐర్లండ్‌లోని మీత్ కౌంటీలో లాక్రూ గుట్టలెక్కి వచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. శిఖరం మీది సమాధి గురించి పుటలకు పుటలు రాశావు. నిన్ను అక్కడికి చేర్చిన పొలాలను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది.

ఆ గుట్టల్లో అన్నిటికన్నా ఎత్తైన స్లీవ్ నా కాలియా ఎత్తు 276 మీటర్లు. మీత్ కౌంటీలో అంతకన్నా ఎత్తైన చోటు లేకపోయినా, దాన్ని ‘గగనచుంబి’ అంటే ఎవరూ నమ్మరు, అనవలసిన అవసరమూ లేదు. చుట్టుపక్కల నేల పల్లంగా ఉండటం వల్ల ఆ కొద్దిపాటి ఎత్తు నుంచే చాలా దూరం కనిపిస్తుంది. కనిపించేదాంట్లో ఎక్కువ భాగం ముళ్లపొదల కంచెలు విడదీసిన పచ్చిక పొలాలే.

మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఉదయపు ఎండ సన్నని రాతిదారి గుండా లోపలికి సాగి, సమాధి వెనుక గోడలోని చెక్కుడు రాతి మీద పడటాన్ని నువ్వు చక్కగా వర్ణించావు. ఓ మంత్రగత్తె ఒక గుట్ట నుంచి మరో గుట్టకు దూకుతుండగా ఆమె ఒడిలోని రాళ్లు జారిపడ్డాయన్న కథ కూడా ఉండనివ్వు. అయితే సుమారు అయిదు వేల ఏళ్ల కిందట ఆ రాళ్లను పైకి చేర్చినవారు ఆ దేశపు తొలి సేద్యగాళ్ల సంతతి అని ఎక్కడా చెప్పలేదు. కింద ఆవులను మేపుతున్న మనిషిదీ, పైన సమాధి కట్టినవారిదీ ఒకే వృత్తి. ఈ ఒక్క మాట గుర్తుంటే పొలమూ శిఖరమూ నీ వ్యాసంలో విడివిడిగా నిలబడవు.

పరుల భూమిలో నడిచే సార్వత్రిక హక్కు స్కాట్లండ్‌లో ఉంది, ఐర్లండ్‌లో లేదు. చాలా గుట్టల మీదికి దారి రైతు సమ్మతితోనే దొరుకుతుంది. తరతరాలుగా కౌలుదార్లుగా బతికినవారిలో ఎందరో 1903 నాటి భూచట్టం తరువాతే, ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో, దున్నుకుంటున్న నేలను సొంతం చేసుకోగలిగారు. ఆ చరిత్ర తెలిస్తే, గొర్రెలున్న చోటికి కుక్కలను తేవద్దన్న బోర్డులో నీకు కసురు వినిపించదు. తీసి ఉన్న గేటును తీసే ఉంచాలి, మూసి ఉన్నదాన్ని మూసి వెళ్లాలి. ఆ గేటు దగ్గర నీ చెయ్యి ఏం చేసిందో రాయి.

ఇంకొక సంగతి. మార్చి నెలలో, ఆకులింకా రాని కొమ్మల నిండా తెల్లని పూలున్న ఒక కంచెపొదను చూసి దాన్ని హాథార్న్ అన్నావు. హాథార్న్ ముందు ఆకు తొడిగి, మే నెల ప్రాంతంలో పూస్తుంది. నువ్వు చూసింది బ్లాక్‌థార్న్ అనే మరో ముళ్లపొద అయి ఉండాలి. ఆ కంచె పక్కనే బతికేవారు ఇలాంటి పొరపాటును వెంటనే పట్టుకుంటారు, ఆపైన మిగతా వ్యాసాన్నీ అనుమానంగానే చదువుతారు.

ఈసారి పడమటి గుట్ట కార్న్‌బేన్ వెస్ట్ ఎక్కాలనుకుంటే, అది ప్రైవేటు భూమి కాబట్టి ముందుగా యజమానిని అనుమతి అడుగు. ఏ పొలంలో నీరు నిలుస్తుందో, దూడలున్న ఆవులు ఎటు ఉన్నాయో ఆయన చెబితే అక్కడికక్కడే రాసుకో. వ్యాసాన్ని ఆ సంభాషణతో మొదలుపెట్టి, పొలాలకు సగం చోటిచ్చి, మళ్లీ నాకు పంపు.