ఫ్లాట్‌వౌండ్ బేస్ స్ట్రింగ్స్‌లో ఏది కొనాలి? పేరు కాదు, టెన్షన్ చూడండి

లా బెల్లా, థోమాస్టిక్, డాడారియో క్రోమ్స్, రోటోసౌండ్: ఈ నాలుగు రకాల్లో నాలుగు తీగల బేస్ గిటార్‌కు ఏ ఫ్లాట్‌వౌండ్ సెట్టు (పైన బల్లపరుపు తీగ చుట్టిన, నున్నటి స్ట్రింగ్స్) మంచిదని అడిగారు. నేను కాకినాడలో చర్చి క్వయర్‌కు, అప్పుడప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలకు బేస్ వాయిస్తాను. ఈ నాలుగు సెట్లూ నా ప్రెసిషన్ మోడల్ బేస్ మీద వేసి వాయించినవే. కంపెనీ పేరు చూసి కొనకండి, టెన్షన్ (తీగ బిగువు) చూసి కొనండి. మీ వేళ్లకూ మీ గిటార్ నెక్‌కూ సరిపడే టెన్షన్ దొరికిందంటే మిగతాది దానంతటదే కుదురుతుంది.

యూట్యూబ్‌లో ఈ సెట్లను పోల్చే వీడియోలు బోలెడున్నాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఒంటరిగా బేస్ ఒక్కటే విని తేల్చేస్తారు. బేస్ ఒంటరిగా వినే వాద్యం కాదు. తబలా, కీబోర్డు, పదిమంది గొంతుల మధ్య అది ఎక్కడ కూర్చుంటుందో వింటేనే తెలుస్తుంది.

ఆ సంగతి నాకు ఒక డిసెంబరులో, క్రిస్మస్ ప్రాక్టీసులో తెలిసింది. మా చర్చి పొడవాటి హాలు, సిమెంటు గోడలు, పైన రేకులు. ఏ శబ్దమైనా గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. అప్పటికి నా బేస్ మీద కొత్త రౌండ్‌వౌండ్ స్ట్రింగ్స్ (గుండ్రటి తీగ చుట్టిన మామూలు రకం) ఉన్నాయి. 6/8లో నెమ్మదిగా నడిచే పాట. నేను ఒక స్వరం మీటితే అది గణగణమంటూ తర్వాతి దెబ్బ దాకా సాగుతోంది. వేలు జరిపినప్పుడల్లా జర్రుమనే శబ్దం మైకుల్లోకి ఎక్కుతోంది. తబలా వాయించే అన్న మధ్యలో ఆపేసి, "తమ్ముడూ, నీ స్వరం ఆగట్లేదురా, నా డగ్గా వినపడట్లేదు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల టైములో వరండాలో కూర్చుని స్ట్రింగ్స్ మార్చాను. అప్పటికే తెప్పించి పెట్టుకున్న లా బెల్లా ఫ్లాట్స్, 45 నుంచి 105 గేజ్ సెట్టు (గేజ్ అంటే తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). తీగ చివర్ల సిల్కు దారం చుట్టి ఉంటుంది. వేలితో నిమిరితే గీతలు తగలవు, నున్నగా జారిపోతుంది. గుండ్రటి తీగకు బదులు బల్లపరుపు రేకు లాంటి తీగను చుట్టడం వల్ల వచ్చే నునుపు అది.

సాయంత్రం అదే పాట. మీటగానే "ధుమ్" అని ఒక నిండు దెబ్బ, వెంటనే సర్దుకోవడం. డగ్గాకు చోటు మిగిలింది. అన్న నా వైపు చూసి తలూపాడు, అంతే. కానీ నాకు ముఖ్యమైన మాట ఆల్టో వరసలో పాడే ఆంటీ నుంచి వచ్చింది: "బాబూ, ఇవాళ శ్రుతి పట్టుకోవడం తేలికగా ఉంది, ఏం చేశావు?" స్ట్రింగ్స్ మార్చిన సంగతి ఆవిడకు తెలియదు. ఫ్లాట్స్‌లో పై హార్మోనిక్స్ తక్కువ, అసలు స్వరం ముందుకు వస్తుంది. పాడేవాళ్లు పట్టుకునేది దాన్నే. గొంతుల వెనక వాయించేవాడు ఫ్లాట్సే వాడాలని ఆ రోజు నుంచి గట్టిగా చెబుతున్నాను.

ఫ్లాట్స్ అంటే పాతకాలం పాటలకే అని కొందరు కొట్టిపారేస్తారు. వాళ్లకు స్టీవ్ హారిస్ పేరు చెప్పండి. ఐరన్ మెయిడెన్ లాంటి హెవీ మెటల్ బ్యాండులో ఆయన వాయించేది రోటోసౌండ్ ఫ్లాట్సే. రౌండ్‌వౌండ్‌ను ప్రపంచానికి అలవాటు చేసింది కూడా ఆ రోటోసౌండే. 1960లలో ది హూ బ్యాండు బేసిస్టు జాన్ ఎంట్‌విజిల్‌తో కలిసి ఆ స్ట్రింగ్స్ తయారు చేసింది. అంతకుముందు ఎలక్ట్రిక్ బేస్ అంటే ఫ్లాట్సే. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పుడూ అవే.

ఇక అమెరికాలోని మోటౌన్ కంపెనీ సోల్ పాటల రికార్డులు. డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్ బేస్ మీద లా బెల్లా హెవీ సెట్టు వేసుకుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే వాటిలో చాలావాటికి వాయించాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఆ గేజ్‌తో సెట్టు లా బెల్లా ఇప్పటికీ అమ్ముతోంది, 52 నుంచి 110. ఆ పేరు చూసి కొనకండి అని నా మనవి. ఆ టెన్షన్‌కు నెక్ ముందుకు వంగుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల నుంచి తీగ ఎత్తు) లేస్తుంది, రెండు పాటలకే ఎడమచెయ్యి పీకుతుంది. ఆయన చెయ్యి వేరు.

థోమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ దీనికి పూర్తిగా ఎదురు. వియన్నాలో చేస్తారు. 43, 56, 70, 100. టెన్షన్ బాగా తక్కువ, వేలి కింద తీగ ఊగుతుంది. స్వరం ఫ్లాట్స్‌లో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడుతుంది, మధ్య స్వరాల్లో ఒక గురగుర ఉంటుంది. ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని) బేస్ ఉన్నవాళ్లు ఇంకోటి చూడక్కర్లేదు. గట్టిగా మీటే అలవాటుంటే మాత్రం తీగ ఫ్రెట్లకు తగిలి బజ్ వస్తుంది. ధర కూడా అన్నిటికంటే ఎక్కువ.

డాడారియో క్రోమ్స్ కొత్తలో ఫ్లాట్స్ లాగే ఉండవు, అంత మెరుపుగా మోగుతాయి. చాలామంది అక్కడే నిరాశపడి తీసేస్తారు. కొన్ని నెలలు వాయిస్తే దారికొస్తాయి. రౌండ్స్ నుంచి మొదటిసారి మారేవాళ్లకు 45-100 క్రోమ్స్ సెట్టు సరైనది. రోటోసౌండ్ 77 మోనెల్ (నికెల్, రాగి కలిపిన లోహం) తీగ. వేలికి కాస్త బిరుసు, శబ్దంలో మంచి పట్టు. పిక్‌తో వాయించేవాళ్లకు బాగుంటుంది.

మన తీరంలో ఉండేవాళ్లకు ఇంకో లాభం. ఉప్పుగాలికి, చెమటకు రౌండ్స్ ఇట్టే చచ్చిపోతాయి. చుట్ల మధ్య మురికి చేరి, తుప్పుపట్టి, నీళ్లలో మరగబెట్టినా నాలుగు రోజులే. ఫ్లాట్స్‌లో మురికి దూరే సందు తక్కువ. వాయించాక పాత పంచె గుడ్డతో తుడిస్తే చాలు, ఏళ్ల తరబడి ఉంటాయి. రౌండ్స్‌కు రెండింతలు పెట్టినా చివరికి చవక ఇవే.

దొరకడమే కష్టం. ఒక షాపులో అడిగితే "అవి ఎవరూ వాడరండీ" అంటూ రౌండ్స్ ప్యాకెట్టే చేతిలో పెట్టారు. అసలు బేస్‌నే లెక్కచేయని కాలమిది. కొత్త చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో "కీబోర్డు ఎడమచేత్తో బేస్ కొట్టేస్తాంలే" అని తేల్చేస్తున్నారు. ఇళయరాజా పాటల్లో బేస్ వింటూ పెరిగిన మనం ఇలా అనడం నాకు చాలా బాధగా ఉంటుంది. చేత్తో మీటిన తీగ చేసే పని ఆ కీ చేయదు. దయచేసి మీ ఊళ్లో ఒక కుర్రాడికైనా బేస్ నేర్పించండి.

మీ ప్రశ్నకే వస్తే, మీరు గొంతుల వెనక వాయిస్తే లా బెల్లా 45-105, తేలికపాటి చెయ్యి అయితే థోమాస్టిక్, తేల్చుకోలేకపోతే క్రోమ్స్. ఏది కొన్నా, వేసేటప్పుడు ట్యూనింగ్ పోస్టు దగ్గర తీగను ముందు లంబంగా వంచి, ఆ తర్వాతే మిగిలిన కొస కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే చుట్టు జారి ఆ తీగ పాడైపోతుంది. సిల్కు భాగం నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దాటి ఫ్రెట్ల వైపు రాకుండా చూసుకోండి. వారం ఆగి నెక్ చూడండి. ముందుకు వంగి ఉంటే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి ఇనప కడ్డీని) పావు తిప్పు బిగించి, మర్నాడు మళ్లీ చూడండి, ఒకేసారి ఎక్కువ తిప్పకండి.