ట్రంకు పెట్టె తెరిచే ముందు

తమ్ముడూ,

కర్నూలు పాతబస్తీ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం బాగుంది. అయితే 1953 అక్టోబరు 1న మన ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిందనీ, 1956 నవంబరు 1న ఆ హోదా హైదరాబాదుకు పోయిందనీ ఎవరైనా చెబుతారు. ఆ మూడేళ్లలో మీ వీధిలో ఇంటద్దె ఎంతకు పెరిగింది? ముందుగది ఉద్యోగులకిచ్చి వెనక సర్దుకున్నదెవరు? అది అద్దె రసీదుల్లో ఉంటుంది, ముసలివాళ్ల నోట ఉంటుంది. నీ పని అక్కడ.

నేను చేసిన తప్పు చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట పాతబస్తీలో ఒక పెద్దమ్మ మాటలు గంటన్నర సేపు క్యాసెట్లో ఎక్కించాను. "ముందర రూములో గుమాస్తాయప్ప ఉండ్య. మేమంతా వసారాలో పండుకుంటాంటిమి. వానొస్తే నిద్రే లేదు" అంది. ఇంటికొచ్చి "రాజధాని రోజుల్లో ఇళ్ల కొరత తీవ్రం" అని నోట్‌బుక్కులో రాసుకుని, డబ్బులకు చూసుకుని, అదే క్యాసెట్ మీద ఇంకొకరిని రికార్డు చేశాను. ఆ గంటన్నరలో నాకిప్పుడు మిగిలినవి ఈ మూడు మాటలే.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ పెద్దమ్మ ఇంటి ట్రంకు పెట్టె కూడా మునిగింది. లోపలి రసీదులన్నీ ఒకే ముద్దయి, ఇంకు నీలంగా కారి, బురద వాసన కొడుతున్నాయి. ఇంట్లోవాళ్లు తొందరపడి కత్తిమొనతో విడదీయబోతే ముక్కలుగా ఊడొచ్చాయి. అలాంటివి దొరికితే నువ్వు లాగొద్దు, ఎండలో పెట్టొద్దు. నీడన, గాలి తగిలేచోట నిదానంగా ఆరనివ్వు. చిరిగినచోట టేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. కట్ట విప్పే ముందు ఏ వరసలో ఉందో ఫోటో తీసుకో. తర్వాత ఒక్కో కాగితం రెండువైపులా తియ్యి. వెనకవైపు పెన్సిలుతో వేసిన లెక్కే చాలాసార్లు అసలు కథ. అసలు కాగితాలు ఇంటివాళ్ల దగ్గరే ఉండనీ.

"చరిత్ర చెప్పండి" అని మాత్రం అడగకు. ఎదుటివాళ్లు బిగుసుకుపోయి, బడి పుస్తకంలో ఉన్నదే అప్పజెబుతారు. ఒక కాగితం చేతికిచ్చి "ఈ సంతకం ఎవరిది?" అని అడుగు. మాట, కాగితం పొంతన కుదరకపోతే రెండూ రాయి. కాగితం అన్నివేళలా నిజం చెప్పదు. ఇంటి తగాదాలు వస్తే రికార్డింగ్ ఆపి, ఉంచాలా వద్దా వాళ్లనే అడుగు.

ఇది మన సీమకు కొత్త కాదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లాంటివాళ్లు ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం ఊరూరా తిరిగి, కరణాల కవిలెలు, అంటే ఊరి లెక్కల దస్త్రాలు చూసి, పెద్దల్ని అడిగి సమకూర్చిన ఊళ్ల చరిత్రలే కైఫీయతులు. మెకంజీ 1821లో పోయాక, శిథిలమవుతున్న వాటికి నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ మళ్లీ నకళ్లు రాయించాడు. కడపకు వెళ్లి బ్రౌన్ గ్రంథాలయం వేసిన కడప జిల్లా కైఫీయతులు చూడు. ఒక చెరువు కోసం, ఒక మాన్యం కోసం ఎంత ఓపిగ్గా రాశారో!

ముందు మీ అవ్వ దగ్గర కూర్చో. పెళ్లి ఖర్చుల చిట్టానో, పాత రేషను కార్డో చేతికివ్వు. మొదట్లోనే తేదీ, ఊరు, ఆమె పేరు ఆమె నోటనే పలికించు. ఫోన్లోది వెంటనే ఇంకో రెండుచోట్ల దాచి, ఒక కాపీ నాకు పంపు. ఆదివారం ఇంటి దగ్గరే ఉంటాను, కలిసి విందాం.

మీ అన్న