మందమైన కొల్లాయిడ్‌లో రెండు వ్యాపన గుణకాలు ఎందుకు వస్తాయి?

మీ కొల్లాయిడ్‌లో, అంటే సన్నని కణాలు చెదిరి ఉన్న ద్రవంలో, 1 మైక్రాన్ వ్యాసమున్న పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గోళాలు నీటిలో 45 శాతం ఘనపరిమాణం ఆక్రమించినప్పుడు, కాలంతో పాటు సగటు వర్గ స్థానభ్రంశం (కణాలు జరిగిన దూరాల వర్గాల సగటు) చూపే గీత మధ్యలో వంగి, రెండు వేర్వేరు వ్యాపన గుణకాలు (కణాలు ఎంత త్వరగా చెదురుతాయో చెప్పే సంఖ్యలు) వస్తున్నాయని మీరు రాశారు. మీ మైక్రోస్కోప్‌ను అనుమానించనక్కరలేదండీ, ఆ రెండూ నిజమైనవే.

25 డిగ్రీల నీటిలో ఒంటరిగా ఉన్న అటువంటి గోళానికి కణం పరిమాణం, ఉష్ణోగ్రత, ద్రవపు చిక్కదనాలను బట్టి లెక్కించే స్టోక్స్-ఐన్‌స్టైన్ సూత్రం ప్రకారం ఈ గుణకం సెకనుకు సుమారు 0.49 చదరపు మైక్రాన్లు. మందమైన ద్రవంలో మాత్రం ప్రతి కణం చుట్టూ పొరుగు కణాలు పంజరంలా నిలుస్తాయి. తొలి క్షణాల్లో కణం ఆ పంజరంలోపలే అటూ ఇటూ కదులుతుంది కనుక, దాని వేగాన్ని తగ్గించేది ప్రధానంగా పొరుగు కణాల మధ్య చిక్కుకున్న నీటి నిరోధమే. పంజరం దాటి పోవాలంటే పొరుగు కణాలు కూడా జరగాలి. అందుకే దీర్ఘకాలిక గుణకం మరీ చిన్నది. దాదాపు 58 శాతం దగ్గర ఆ దారి ఇంచుమించు మూసుకుపోయి, ద్రవం గాజులా స్తంభిస్తుంది.

ఒంటరి కణం తన వ్యాసార్ధమంత జరగడానికి పట్టే కాలం అర సెకను ప్రాంతం. తొలి క్షణాల గుణకాన్ని అంతకంటే బాగా తక్కువ వ్యవధిలో, దీర్ఘకాలిక గుణకాన్ని పదుల సెకన్ల తర్వాత కొలవండి.

మా బెంగళూరు ల్యాబ్‌లో నన్ను ఎక్కువగా ఏడిపించింది స్లైడు అంచు. దాన్ని మూయడానికి వేసిన నెయిల్ పాలిష్ పూత సన్నగా ఉన్నచోట నీరు ఆవిరై, అంచు పాలలా తెల్లబడి, కణాలన్నీ ఒకే దిక్కుకు జరిగేవి. అంచును మళ్లీ మూసి, ఆ సామూహిక కదలికను తీసివేశాకే లెక్క కట్టండి.