సెయింట్ పాల్ ట్రెజర్ హంట్: ప్రాసతో రాసిన క్లూలను కొత్తవారు ఎలా చదవాలి?

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఉన్న సెయింట్ పాల్‌కు కొత్తగా వచ్చామనీ, ఈసారి ఇక్కడి చలికాలపు పండుగ వింటర్ కార్నివాల్‌లో భాగమైన ట్రెజర్ హంట్‌లో (దాచిన వస్తువును క్లూలతో వెతికే ఆటలో) పిల్లలతో కలిసి పాల్గొనాలని ఉందనీ, అయితే ప్రాసతో రాసే ఆ ఇంగ్లీషు క్లూలు ఇక్కడే పుట్టి పెరిగినవారికి తప్ప అర్థం కావని ఎవరో అన్నారనీ మీరు రాశారు. ఆ మాటలో సగమే నిజం. నేను ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, దాదాపు ప్రతి శీతాకాలమూ ఈ వేటకు వెళుతూనే ఉన్నాను. వేటలో దాచే పతకం, అంటే మెడాలియన్, నాకు ఇంతవరకు దొరకలేదు కాని, క్లూలు చదవడం మాత్రం బాగా అలవాటైంది. స్థానిక చరిత్ర తెలియకపోవడం కంటే, పద్యాన్ని వచనంలా చదవడమే కొత్తవారికి పెద్ద అడ్డంకి అని నా అభిప్రాయం.

ముందుగా ఆట ఎలా నడుస్తుందో చెబుతాను. 1885లో న్యూయార్క్ విలేకరి ఒకరు సెయింట్ పాల్ మరో సైబీరియా అనీ, చలికాలంలో మనుషులు ఉండటానికి పనికిరాదనీ రాస్తే, దానికి జవాబుగా ఊరి పెద్దలు 1886లో మంచుగడ్డలతో కోట కట్టించి ఈ కార్నివాల్‌ను మొదలుపెట్టారు. ట్రెజర్ హంట్ వచ్చింది 1952లో. పయనీర్ ప్రెస్ పత్రిక అరచేతిలో ఇమిడే ఒక మెడాలియన్‌ను సెయింట్ పాల్ ఉన్న రామ్సే కౌంటీలోని ఏదో ఒక ప్రభుత్వ స్థలంలో, సాధారణంగా ఒక పార్కులో, దాచిపెట్టి రోజుకు ఒకటి చొప్పున 12 క్లూలు ప్రకటిస్తుంది. ఇంటర్నెట్ లేని కాలంలో తొలి ప్రతుల కోసం జనం రాత్రివేళ పత్రిక కార్యాలయం బయట చలిలో వరుస కట్టేవారు. ఇప్పుడు అదే జనం ఫోన్లు పట్టుకుని కారులో హీటర్ వేసుకుని కూర్చుంటున్నారు. క్లూలు రాసేవారి పేరు గోప్యంగా ఉంచుతారు కనుక, వారి మనసు చదవడానికి మనకున్న ఆధారం ఆ పద్యాలొక్కటే.

ఇక ప్రాస సంగతి. ప్రతి క్లూలోనూ పాదాల చివర రెండేసి మాటలు జతగా వస్తాయి. ఆ రెండింటిలో ఒకటి రాసినవారికి నిజంగా కావలసిన మాట, రెండోది చాలా సందర్భాల్లో ప్రాస కుదరడానికి తెచ్చిపెట్టుకున్నది. పాదపూరణానికి పడే పాట్లు తెలుగు పద్యం చదివినవారికి కొత్త కాదు గనుక ఈ విషయంలో మనం వెనుకబడి ఉన్నామని నేను అనుకోను. ఉదాహరణకు నేనే ఒకటి అల్లి చూపిస్తాను: ‘రైలు రాజు ఇంటి నుండి కిందికి సాగు, వేయి అడుగులేల, వంతెన వద్ద ఆగు.’ ఇందులో రైలు రాజు అంటే గ్రేట్ నార్తర్న్ రైల్వేను నిర్మించిన జేమ్స్ జె. హిల్, ఆయన ఇల్లు సమ్మిట్ అవెన్యూలో 1891లో పూర్తయిన భవనం. ఇదే సంగతిని మామూలు మాటల్లో చెప్పాలంటే ఏ పదాలు మిగులుతాయో చూడండి: హిల్ ఇల్లు, కింది వైపు, వంతెన. ‘సాగు’ అన్న మాట ‘ఆగు’ కోసం వచ్చింది, ‘వేయి అడుగులేల’ అన్నది పాదం నిండడానికి వచ్చింది. కొత్తవారు సరిగ్గా ఆ వేయి అడుగులనే పట్టుకుని, ఫోన్‌లో దూరం కొలుచుకుంటూ, పక్క వీధిలోని మంచునంతా తిరగేస్తారు. నేను క్లూ రాగానే ముందు దానిని ఒక కాగితం మీద వచనంగా రాసుకుంటాను. వచనంలో ఇమడని మాట కనిపిస్తే, అది పూరణమో లేక ఉద్దేశపూర్వకంగా ఇరికించిన సూచనో తర్వాతి క్లూలు వచ్చేదాకా తేల్చకుండా పక్కన పెడతాను.

స్థానిక చరిత్ర అవసరమే, కాని భయపడేంత లేదు. కార్నివాల్ కథలో గాలులకు రాజైన బోరియాస్ సెయింట్ పాల్‌ను తన శీతాకాల రాజధానిగా చేసుకుంటాడనీ, అగ్నికి ప్రతినిధి అయిన వల్కనస్ రెక్స్ తన అనుచరులతో వచ్చి చివరకు అతన్ని గద్దె దింపుతాడనీ తెలిసి ఉండాలి. 1841లో ఫాదర్ లూసియన్ గాల్టియర్ కట్టిన చిన్న ప్రార్థనాలయం వల్లే ఊరికి ఈ పేరు వచ్చిందనీ, అంతకుముందు పియర్ పారంట్ అనే సారా వ్యాపారి మారుపేరు మీద దీనిని పిగ్స్ ఐ అనేవారనీ, పీనట్స్ కామిక్స్ గీసిన చార్లెస్ షుల్జ్ ఇక్కడే పెరిగాడనీ, నవలా రచయిత స్కాట్ ఫిట్జెరాల్డ్ 1896లో ఇక్కడే పుట్టాడనీ గుర్తుంటే చాలా దూరం వెళ్లవచ్చు. వీటితో పాటు కోమో, ఫేలెన్, హైలాండ్, చెరొకీ, ఇండియన్ మౌండ్స్, బాటిల్ క్రీక్ వంటి పార్కులకు వేసవిలోనే ఒకసారి వెళ్లి రండి. మంచు కప్పేశాక పార్కులన్నీ ఒకేలా కనిపిస్తాయి, బెంచీ ఎక్కడ ఉందో మెట్లు ఎక్కడ ఉన్నాయో ముందే చూసినవారికే తెలుస్తుంది.

మొదటి మూడు నాలుగు క్లూలతో స్థలం తేల్చుకోవాలని ప్రయత్నించకండి. అవి చాలావరకు పండుగ వాతావరణం గురించీ, కౌంటీలో ఏ దిక్కు అన్నదాని గురించీ మసకగా చెబుతాయి, మెడాలియన్ దొరికిన తర్వాతే వాటి అసలు అర్థం బయటపడుతుంది. వేట ముగిశాక ప్రతి క్లూకూ పత్రిక వివరణ ప్రచురిస్తుంది. కొత్తవారికి అంతకు మించిన పాఠం లేదు కాబట్టి, పాత సంవత్సరాల క్లూలను వివరణలతో కలిపి చదవమని గట్టిగా చెబుతాను. నా పద్ధతి ఏమిటంటే, పార్కుల జాబితా రాసుకుని, ఒక్కో క్లూ ఏ పార్కుకు బొత్తిగా అతకదో చూసి కొట్టేస్తూ పోవడం. అతికే అర్థం వెతికితే ప్రతి పార్కుకూ ఏదో ఒకటి దొరుకుతుంది! వేలమంది ఒకే చోటికి చేరారు కదా అని అటు వెళ్లడం కూడా నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ వేలమందిలో ఎక్కువమంది మనలాగే జనాన్ని చూసి వచ్చినవారే.

పిల్లలతో వెళ్లేటప్పుడు చలి విషయంలో మొహమాటం వద్దు. వేట జరిగే రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల సెల్సియస్ దిగువకు పోవడం మామూలే, కాబట్టి పగటిపూట గంటసేపు వెతికి కారులోకి వచ్చేయండి. ఫోన్ బ్యాటరీ చలికి త్వరగా పడిపోతుంది గనుక క్లూలను కాగితం మీద కూడా ఉంచుకోవాలి. వెతకడానికి తోటపనికి వాడే చిన్న రేక్ చాలు. మంచు పైపొర గడ్డకట్టి పెంకులాగా ఉంటుంది, దానిని పగలగొట్టి కింది మెత్తటి మంచును పలచగా లాగితే ఆకులూ, చాక్లెట్ కాగితాలూ, ఎవరో పారేసుకున్న చేతి తొడుగూ బయటపడతాయి. చెత్తే కదా అని వాటిని విసిరేయకండి, మెడాలియన్‌ను చెత్తలా కనిపించే వస్తువులో చుట్టి దాచిన సందర్భాలు ఉన్నాయి. మా పిల్లలకైతే అలా గడ్డకట్టిన ప్రతి తొడుగునూ విప్పి చూడటమే అసలు ఆట, క్లూల గొడవ వారికి పట్టదు. మొక్కలకూ కట్టడాలకూ నష్టం చేయడం తప్పని వారికి ముందే చెప్పి ఉంచండి. నగరం స్నో ఎమర్జెన్సీ (వీధుల్లో మంచు తీయడానికి పార్కింగ్‌పై పెట్టే ఆంక్షలు) ప్రకటించిన రాత్రి కారు ఎక్కడ నిలిపారో చూసుకోకపోతే, తిరిగి వచ్చేసరికి దానిని లాగేసుకుపోయి ఉంటారు.

చివరగా బటన్ సంగతి. ఇటీవలి సంవత్సరాలలో గరిష్ఠ బహుమతి 10,000 డాలర్లుగా ఉంటోంది, కాని అంతా దక్కాలంటే ఆ ఏటి కార్నివాల్ బటన్ (చొక్కాకు పెట్టుకునే బిళ్ల) కొని నమోదు చేయించుకుని ఉండాలి, లేకపోతే మొత్తం బాగా తగ్గిపోతుంది. నియమాలు ఏటా మారవచ్చు కనుక మొదటి క్లూ రాకముందే ఆ సంవత్సరపు ప్రకటనను పూర్తిగా చదివి, బటన్ నమోదు కూడా అప్పటికే ముగించుకోండి.