గాగుల్స్‌లో అంకెలు ఎందుకు మాయమయ్యాయి?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని మధురవాడ. ఇంజనీరింగ్ చదువుతున్నాను. సొంతంగా కూర్చుకున్న అనలాగ్ ఎఫ్‌పీవీ డ్రోన్‌కు (కెమెరా దృశ్యాన్ని గాగుల్స్‌లో చూస్తూ ఎగరేసేది) ఇటీవల కెమెరా మార్చాను. దృశ్యం బాగానే వస్తోంది కానీ, తెర అడుగు వరుసలో ఉండే బ్యాటరీ వోల్టేజీ కనిపించడం లేదు. డ్రోన్‌ను నడిపే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే, మల్టీమీటరులో 16.8 వోల్టులున్న 4ఎస్ (నాలుగు సెల్‌ల) లైపో బ్యాటరీకి 17.2 అని వస్తోంది. విడిగా ఓఎస్‌డీ మాడ్యూల్ (దృశ్యంపై అంకెలు చూపే బోర్డు) కొనాలా?

జవాబు: అవసరం లేదు. పాత కెమెరాతో అంకెలు కనిపించేవంటే ఓఎస్‌డీ చిప్ మీ ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నియంత్రించే బోర్డు) మీదే ఉన్నట్టు. ఒకప్పుడు మినిమ్‌ఓఎస్‌డీ వంటి చిన్న బోర్డును కెమెరాకూ వీడియో ట్రాన్స్‌మిటర్‌కూ మధ్య విడిగా కలపవలసి వచ్చేది. ఆ బోర్డు మీది మ్యాక్స్7456 చిప్ గానీ, దానికి బదులుగా వాడే ఏటీ7456ఈ గానీ ఇప్పుడు అనలాగ్ ఫ్లైట్ కంట్రోలర్లలో చాలావాటికి ముందే అమరి ఉంటుంది.

ఈ చిప్ దృశ్యాన్ని నిలవచేసుకోదు. దృశ్యంలోని ప్రతి గీత ముందూ వచ్చే సింక్ పల్సును బట్టి ఆ గీత మొదలును పసిగట్టి, అక్షరం ఉండవలసిన చోట మాత్రం కెమెరా సంకేతానికి బదులు తెలుపునో నలుపునో పంపుతుంది. అందుకే దృశ్యం ఆలస్యం కాదు. అయితే తెరపై ఎన్ని వరుసలు పడతాయన్నది కెమెరా వీడియో పద్ధతిని (పాల్ లేదా ఎన్‌టీఎస్‌సీ) బట్టి ఉంటుంది. 625 గీతల పాల్‌లో 30 అక్షరాల వరుసలు 16 పడితే, 525 గీతల ఎన్‌టీఎస్‌సీలో 13 మాత్రమే పడతాయి. మీ పాత కెమెరా పాల్, కొత్తది ఎన్‌టీఎస్‌సీ అయి ఉండాలి; అందుకే అడుగు వరుస తెరపై పడటం లేదు. బీటాఫ్లైట్ ఓఎస్‌డీ పేజీలో వోల్టేజీని పై 13 వరుసల్లోకి జరపండి, లేదా కెమెరా మెనూలో పాల్‌ను ఎంచుకోండి.

మీరు రాసిన రెండో విషయమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఓఎస్‌డీ చిప్ దేనినీ కొలవదు; రెండు రెసిస్టర్ల ద్వారా తగ్గించిన బ్యాటరీ వోల్టేజీని ఫ్లైట్ కంట్రోలర్ కొలిచి, ఆ అంకెను చిప్‌కు అందిస్తుంది. కాబట్టి ఫ్లైట్ కంట్రోలర్ ఇచ్చే అంకెనే చూపే మాడ్యూల్ కొన్నా అదే తప్పు అంకె కనిపిస్తుంది. సెల్‌కు 3.5 వోల్టుల చొప్పున 14.0 దగ్గర దిగాలని మీరు నియమం పెట్టుకుంటే, తెరపై 14.0 కనిపించేసరికి బ్యాటరీలో నిజంగా ఉండేది దాదాపు 13.7 మాత్రమే. బీటాఫ్లైట్‌లో వోల్టేజీ స్కేలు (కొలతను సరిచేసే సంఖ్య) 110 ఉంటే దానిని 16.8తో హెచ్చించి 17.2తో భాగించండి, వచ్చే 107ను నమోదు చేసి మల్టీమీటరుతో మళ్లీ సరిచూడండి. ఈ పనికి బల్ల మీద బ్యాటరీ కలిపేటప్పుడు ప్రొపెల్లర్లు విప్పేయాలి, వీడియో ట్రాన్స్‌మిటర్‌కు యాంటెన్నా తప్పక ఉండాలి.

థ్రాటిల్ పెంచినప్పుడు వోల్టేజీ కుంగి, తగ్గించగానే మళ్లీ లేస్తుంది కనుక ఆ ఒక్క అంకెను బట్టే దిగే సమయాన్ని నిర్ణయించుకోవద్దు. బోర్డులో కరెంట్ సెన్సర్ ఉంటే, ఖర్చయిన మిల్లీ ఆంపియర్ అవర్లను కూడా తెరపై పెట్టుకోండి. ఎగిరి వచ్చాక ఛార్జరు బ్యాటరీలోకి తిరిగి నింపిన మొత్తంతో పోల్చితే, ఆ అంకె ఎంత నమ్మదగినదో తెలుస్తుంది.

రుషికొండ బీచ్ వైపు ఎగరేస్తుంటే ఉప్పుగాలికి ఈ చిప్ సన్నని కాళ్లు తుప్పు పడతాయి. బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలనివ్వని పలుచని పూత) పూయండి, బారోమీటరు రంధ్రాన్నీ యూఎస్‌బీ సాకెట్‌నూ మాత్రం వదిలేయండి.